నడి గిన్నె

మిర్చి యార్డు గాలి ఇటు తిరిగిన పూట
మా పెద్దాసుపత్రి మొత్తం ఒకేసారి తుమ్ముతుంది.
అలాంటి ఒక మధ్యాహ్నం
మణిదీప్ అనే కుర్రాడు చీటీల చుట్ట చంకన పెట్టుకొచ్చాడు.
వేలెడు కాగితం, లోపల తీగతో వేసిన ముగ్గు.
బ్యాటరీ ఉండదండీ, అన్నాడు,
గుమ్మం పిలిస్తేనే పలుకుతుంది, లేదంటే నిద్రే.
మా సైదావలి లాంటిదన్నమాట, అన్నాను.
సైదావలి నవ్వలేదు. అంటిస్తూనే ఉన్నాడు.

మూడు రోజులు అంటించాం.
చక్రాల కుర్చీల వీపులకి, పంపులకి,
పోయినేడు వెతికి వెతికి వదిలేసిన నెబ్యులైజరుకి
(ఎక్స్‌రే గది తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టారు లెండి),
కుట్టు దారం పెట్టెలకి,
పాము మందు సీసాలకి, ఒక్కోదానికి ఒక్కోటి.
ఇరవై ఏళ్ళ నా ఎర్రగీతల పుస్తకంలో
ఉన్నాయనుకున్నవి లేవు,
లేవనుకున్నవి మెట్ల కింద ఉన్నాయి.

నీళ్ళంటే పడదట ఈ అలలకి.
సెలైను పెట్టెల వెనక పెడితే మాట మింగేస్తాయి.
ఇనుమైతే సరేసరి, లోపలికే రానివ్వదు.
మణిదీప్ ఇది చెప్తుంటే
ఫిమేలు వార్డు సలోమి సిస్టరు గుమ్మంలో నిలబడి విన్నది,
ఇండెంటు కాగితం మడతలు పెడుతూ.

గురువారం తెర మీద
సీసాలు ఇరవై ఉండాల్సింది, పద్నాలుగు.
ఆరు పలకడం లేదు.
ఆఖరిసారి పలికింది మంగళవారం రాత్రి
పదకొండూ నలభైకి, వార్డు గుమ్మంలో.
లోపలికెళ్ళాయి. బయటికి రాలేదు.
దొంగ అనే మాటని
వక్కపలుకులా బుగ్గన తిప్పుకుంటూ మెట్లెక్కాను.

సిస్టరు వాదించలేదు.
బల్ల కింద నుంచి స్టీలు క్యారేజీ తీసింది.
పై గిన్నెలో గోంగూర.
కింది గిన్నెలో అన్నం, సగం తిన్నది.
నడి గిన్నెలో దూది పరిచి
ఆరు సీసాలు, పక్కపక్కన పడుకుని.

"ఇనుములో పెడితే పలకదన్నారుగా," అంది.
చాలాసేపటికి మళ్ళీ అంది:
"పెదనందిపాడు పిల్ల గుర్తుందా సార్?
పత్తిచేలో కట్లపాము. రాత్రి రెండు.
క్యాజువాల్టీలో ఉన్నవి అప్పటికే అయిపోయాయి.
స్టోరుకి తాళం. తాళం మీ దగ్గర.
మీరు తెనాలిలో పెళ్ళిలో.
ఫోను మోగింది, మోగింది.
బ్యాండు మేళం అయ్యుంటుంది లెండి."

బ్యాండు మేళమే.
పాయసం రెండోసారి వడ్డించుకున్నాను ఆ రాత్రి.
మర్నాడు నా పుస్తకంలో నిల్వ పన్నెండు సీసాలు.
ఒక్కటీ తగ్గలేదు. లెక్క సరిపోయింది.
టిక్కు కూడా పెట్టాను.

కిందికొచ్చి కూర్చున్నాను.
ఆ ఆరింటినీ ఏమని రాయమంటారండీ, అన్నాడు మణిదీప్,
పోయాయనా, పగిలాయనా?
చోట్ల జాబితాలో ఇంకోటి కలుపు నాన్నా, అన్నాను.
ఏమని?
సిస్టరు క్యారేజీ, నడి గిన్నె.
వాడు నా మొహంలోకి ఒకసారి చూసి
కొట్టాడు, అక్షరం అక్షరం.

ఆడిటు వాళ్ళొస్తారు, అడుగుతారు.
ఏదో ఒకటి చెప్పుకుంటాను.
చుట్టలో ఆఖరున ఒక్క చీటీ మిగిలింది.
సైదావలి నన్నేమీ అడక్కుండా
నా తాళాల గుత్తి అందుకున్నాడు.
ఇనుముకి అంటిస్తే పలకదని వాడికీ తెలుసు,
మధ్యలో ఒక అట్టముక్క పెట్టి
గట్టిగా అంటించాడు.