రెండు గీతలు

వాన పట్టుకుంటే ఎనిమిది రోజులు వదలని కెయ్యోన్ ఊళ్ళో
హార్బరు ఆఫీసు కంప్యూటరు
రోజుకు మూడుసార్లు కొయ్యబారిపోయేది.
బయట వరుసలో తడుస్తూ పడవలవాళ్ళు,
లోపల మౌసును బల్లకేసి కొడుతూ ఓతీలియా బర్రియా.
"ఎందుకు ఆగిందో చెప్పకుండా ఆగేదాన్ని ఏమనాలి?"
అనడిగింది నన్ను.
"గాడిదైనా చెవులాడిస్తుంది."

అందుకని దానికి చెవులు పెట్టాను.
తెర మూల, గడియారం పక్కన
గోరంత కిటికీ.
అందులో రెండు గీతలు:
పచ్చది, ప్రాసెసరు ఎంత రొప్పుతోందో,
నీలంది, మెమరీ ఎంత నిండిందో.
అంతే. గంట మోగదు, సలహా చెప్పదు.
సెకనుకొకసారి నాడి పట్టుకు చూస్తుంది.
చూసినందుకు తానూ కాస్త తింటుంది,
నూటికి ఒకటి కన్నా తక్కువే.
కాపలావాడికి ఆ మాత్రం కూలి గిట్టాలి కదా,
కంచె చేను మేసిందనకండి.

వారం తిరక్కుండా
ఆమె దాన్ని నాకన్నా బాగా చదివేసింది.
పచ్చది నిక్కబొడుచుకుంటే
"తుఫాను పటం దిగుతోంది, ఈలోగా మాతే కాద్దాం" అనేది.
నీలం మీదే ఆమెకు అనుమానం.
"పచ్చది లేస్తుంది, పడుతుంది.
ఇది లేస్తుంది, పడేటప్పుడు నిన్నటి కన్నా ఓ పిసరు పైనే ఆగుతుంది."
"ఆటుపోట్లలాగానా?" అన్నాను, కవిత్వం చెప్పబోయి.
"ఆటు వస్తే బురద తేలాలి, గుల్లలేరుకోవాలి.
ఇక్కడ బురదే తేలట్లేదు. నీ పని నువ్వు చూడు."

చూశాను.
ఆ రాత్రి ఒక్కో ప్రోగ్రామునూ నిలబెట్టి లెక్కడిగాను.
బయల్దేరిన పడవల పట్టీ దగ్గర దొరికింది.
వెళ్ళిన ప్రతి పడవకీ ఒక ఎదురుచూపు తెరుస్తుందది.
వెళ్ళిన వేళ రాసుకుని
నిమిషానికో వరుస చేర్చుకుంటూ పోతుంది
తిరిగొచ్చిందని ఎవరో ఒకరు మీట నొక్కేదాకా.
నొక్కగానే అంతా దులిపేసుకుంటుంది.

అన్నీ మూసే ఉన్నాయి,
ఒకటి తప్ప.

దోన్యా క్లోరిందా. పసుపు పడవ, పదకొండు మీటర్లు.
మే నెల, తెల్లవారుజాము నాలుగూ ఇరవై,
తొమ్మిదేళ్ళ కిందట.
మనుషులు నలుగురు.
మూడో పేరు చివర బర్రియా.

నలభై ఏడు లక్షల పైచిలుకు వరుసలు.
రోజూ పొద్దున మిషను మేలుకోగానే
ముందు ఆ నిమిషాలన్నీ తలకెత్తుకుని
తర్వాతే మిగతా పనికి కూర్చునేది.

మర్నాడు చెప్పాను.
డాక్టరు గొంతు వద్దనుకున్నాను, అదే వచ్చింది.
"ఒక్క మీట నొక్కితే నీలం సగానికి దిగుతుంది."
"ఏ మీట?"
"తిరిగొచ్చింది, అనేది."
చాలాసేపు కిటికీలోకే చూసింది, గోరంత కిటికీలోకి.
"మునిగింది, అని మీట లేదూ?"
లేదు. రాసినవాళ్ళు శాంతియాగోలో కూర్చుని రాశారు,
వాళ్ళ పడవలన్నీ తిరిగొచ్చేవే.
"మరి నన్ను అబద్ధం నొక్కమంటావా?"

ఎవరో తలుపు తట్టారు.
రబ్బరు స్టాంపు తీసుకుని వెళ్ళింది.

గురువారం బస్సెక్కి కాస్త్రో వెళ్ళి
పాత సామాన్ల కొట్లో మెమరీ పలక ఒకటి కొనుక్కొచ్చాను.
రసీదు అడగలేదు.
పెట్టె విప్పి, దుమ్మూదాను.
లోపల ఒక చనిపోయిన సాలీడు, దాన్నీ ఊదాను.
ఖాళీ గాడిలో బొటనవేలితో అదిమితే
టక్కున కూర్చుంది.
నీలం దిగింది
దేన్నీ వదిలిపెట్టకుండానే.

ఇప్పుడు మిషను ఆగదు.
నీలం గీత నెలకో వెంట్రుకవాసి పెరుగుతూనే ఉంటుంది.
లెక్కేసి చెప్పాను ఆమెకు,
మళ్ళీ నిండడానికి ఇంకో పదిహేనేళ్ళు పడుతుందని.
"అప్పటికి నాకు డెబ్బై మూడు," అంది
స్టాంపు ఇంకు ఆరిందేమో వేలితో తడిమి చూసుకుంటూ.
"అప్పుడింకోటి కొందాంలే."