అకర్మకం

గ్రిమ్స్‌బీ. తెల్లవారుజాము అయిదుంపావు.
ఉప్పుగాలి వృద్ధాశ్రమం కిటికీని గోకుతోంది.
నా ముందు ఒక కాగితం:
'ఏం జరిగింది? ఎలా జరిగింది?'
కింద బోలెడన్ని గీతలు.

రాశాను.
పన్నెండో గది. థర్ల్‌బీ గారు మంచం పక్కన పడి ఉన్నారు.
బెల్లు చేతికి అందలేదు.
ఆలస్యంగా తెలిసింది.

చదువుకుంటే ఎంత నున్నగా ఉందో!
ఎక్కడా మనిషి అలికిడి లేదు.
బెల్లు దానంతటదే దూరం జరిగింది,
నలభై నిమిషాలు వాటంతటవే గడిచాయి,
చల్లటి నేల మీద, ఒక ముసలి మోచేతి కింద.

రాసింది ఇంగ్లీషే, కానీ ఈ విద్య నాకు తెలుగులో వచ్చింది.
గ్లాసు పగిలింది. అన్నం మాడింది.
ఇస్త్రీ కింద అక్క ఓణీ కాలింది.
బస్సు వెళ్ళిపోయింది.
ఎనిమిదో తరగతిలో మాస్టారు అడిగారు,
అకర్మక క్రియ అంటే ఏమిటని.
కర్మ ఉండదండీ అన్నాను. భేష్ అన్నారు.
కర్త కూడా ఉండక్కర్లేదని
ఆ తర్వాత నాకు నేనే నేర్పుకున్నాను.
మరీ ఇరుక్కుంటే
ఖర్మ అనే మాట ఉండనే ఉంది,
ఎంత బరువైనా మోస్తుంది, కూలి అడగదు.

కాగితం చింపి ఇంకోటి తీశాను.
ముగ్గురుండాల్సిన రాత్రి ఇద్దరమే. నిజం.
బియాటాకి జ్వరం. నిజం.
తొమ్మిదో గది ఆవిడ నాలుగుసార్లు పిలిచింది. నిజం.
బెల్లు తీగ పొట్టిదని ఆగస్టులోనే చెప్పాను,
తేదీతో సహా చూపించగలను.
ఇన్ని నిజాలు ఇటుకల్లా పేర్చి
వెనక కూర్చుంటే
నేనెవరికీ కనపడను.
నాక్కూడా.

కానీ పదకొండున్నరకి దుప్పటి మారుస్తూ
ఆ బెల్లు తీసి కుర్చీ మీద పెట్టింది ఈ చెయ్యే.
మళ్ళీ దిండు పక్కన పెట్టడం మర్చిపోయిందీ ఈ చెయ్యే...

కాదు. చూశారా, మళ్ళీ జారుకుంటున్నాను.
చేతులకి మరుపుండదు.
నేను.
నేను తీశాను. నేను తిరిగి పెట్టలేదు.

కిందికి చూస్తే ఇంకా పదహారు గీతలు ఖాళీ.
సంతకం చేశాను, శేషుకుమారి,
ఎప్పుడూ గీకే కోడిగీతలా కాకుండా
ప్రతి అక్షరం విడివిడిగా.
తీగ సంగతీ రాశాను, రెండో పేజీలో.
తీగ తప్పు తీగదే.

డోరీన్ చదివి కళ్ళజోడు తీసింది.
'ఇంత బరువుగా రాయాలా? పై ఆఫీసుకి వెళ్తుంది.'
వెళ్ళనీ అన్నాను.
ధైర్యమేం కాదు, మోకాళ్ళు వణికాయి.
వణికించిందీ నేనే అనుకుంటా,
ఏమో, దానికింకా వ్యాకరణం దొరకలేదు.

ఏడింటికి టీ పట్టుకెళ్ళాను.
థర్ల్‌బీ గారి మోచేతికి కట్టు, చెంప మీద కమిలిన ఊదారంగు.
చెప్పాల్సింది చెప్పాను, నిలబడే.
ఆయన చాలాసేపు కప్పులోకి చూశారు,
ఒకప్పుడు చేపల పడవ మీంచి నీళ్ళలోకి చూసినట్టు.
క్షమిస్తారనుకున్నాను. తిడతారనుకున్నాను.
'పంచదార లేదు' అన్నారు.

నా నోట్లో తెలుగే ముందు పుడుతుంది.
పడలేదండీ, అని పుట్టింది.
దాన్ని నాలిక మీదే ఆపి
వెయ్యలేదండీ అని మార్చి
ఇంగ్లీషులో చెప్పి
రెండు చెంచాలు వేశాను.

బెల్లు దిండు పక్కన పెట్టాను.
ఆయన ఒకసారి నొక్కి చూసుకున్నారు.
ఎదురుగా నేనుండగానే మోగింది...
మోగించారు.
వచ్చానండీ, అన్నాను.