గుంజ వదులున్నది

భూత్పూర్ దాటినంక పూరీ తినకుండ్రి.
తిన్నోళ్లు నాగర్‌కర్నూల్ దాక
నీళ్ల సీసలు ఖాళీ చేస్కుంటనే పోతరు.
బిజినేపల్లిల చాయ్ మంచిగుంటది,
అల్లం కచ్చపచ్చ దంచి ఏస్తడు,
గని కప్పు చూస్తే
పోలియో చుక్కలు పోసినట్టే.
రెండు చెప్పుండ్రి. మూడైనా తప్పు లేదు.

ఇవన్ని నా మాటలు కావు, సగం మా బావవి.
కుర్మయ్య బావ ఏడికి వోయినా
పదికి ఇన్ని అని మార్కులేస్తడు.
కండక్టర్ పని గదా,
లెక్క తేలంది బండి కదలనియ్యడు.
పెద్దకొత్తపల్లి కాడ ఆగిన ధాబకు సున్న.
పప్పుల ఈగ వడ్డదని కాదు,
ఈగను తీసిన గంటెతోనే
మల్ల వడ్డించిండని.
సింగోటం చెరువుకు ఏడు.
కట్ట మీది మిర్చి బజ్జీకి ఏడున్నర,
ఆ అర ఉల్లిగడ్డ ఊరికే ఇచ్చినందుకు.

నా భార్య అనసూయ
హోటల్‌ను కూరతోటి తూకమెయ్యదు.
తలుపుకు గొళ్లెం ఉన్నదా,
బకెట్ల మగ్గున్నదా, అంతే.
ఆమె లెక్కల పాలమూరు నుంచి కొల్లాపూర్ దాక
పాసైంది ఒకే ఒక్క పెట్రోల్ బంకు.

సోమశిల మాత్రం పోవాలె,
ఇది నేనే చెప్తున్న.
ఎండకాలం వద్దు,
అంగడి ఎత్తేసినట్టు నీళ్లు ఎనకకు పోతయ్,
బురదల పడవలు బోర్లపడి ఉంటయ్.
దసరా అయినంక పొండ్రి.
కొండల సందున కిష్ణమ్మ
ఎవరి జోలికీ పోకుండ పండుకొని ఉంటది.
పడవ ఎక్కకముందే బేరం ఆడుండ్రి,
నడుమ నీళ్లల్ల ఆడితే ఓడిపోతరు.
చేపల పులుసుకు పదికి పది,
ముల్లు తీసే ఓపిక ఉన్నోళ్లకు.

ఒడ్డుకు గుడారాలేసిండ్రు,
రాత్రికి పన్నెండు నూర్లు.
నీలం రంగుది తీసుకున్నం.
జిప్పు గుంజితే అదే తలుపు.
రిత్విక, చెర్రీ బూట్లతోనే దూరిండ్రు.

అమ్మ లోపటికి పోలే.
సుట్టూ ఒకసారి తిరిగింది.
తాడును వేలుతోటి మీటింది,
గుంజను మడిమెతోటి తొక్కింది.
"ఇది వదులున్నది.
పొద్దుమీకి గాలి లేస్తే పిల్లలతోటి లేస్తది."
టెంట్ల పిల్లగాడు నవ్విండు,
"అవ్వా, కంపెనీ టెంటు ఇది."
"ఏ కంపెనీ?" అని అడిగింది అమ్మ.

ఆమెకు ఎరుకున్న కంపెనీలు వేరే.
పూణె అవతల కాల్వ తవ్విన కంపెనీ,
గుజరాత్‌ల కట్ట పోసిన కంపెనీ,
ఆశన్న మేస్త్రి అడ్వాన్సిచ్చి
లారీ ఎక్కించిన ఇంకెన్నో, పేర్లు నోరు తిరగనియి.
ఏడెండకాలాలు పట్ట కింద వండింది,
పట్ట కింద కన్నది.
నేను పుట్టింది ఏ వాగు ఒడ్డునో
ఆమెకు గూడ తెల్వదు.
సర్టిఫికెట్ల దేవరకద్ర అని ఉంటది.

వంగి ఓ రాయి తీసుకున్నది.
గుంజను పక్కకు వాల్చి
నాలుగు దెబ్బలు.
తాడు వీణ తీగోలె బిగుసుకున్నది.
పక్కన హైదరాబాదోళ్లు
మాది గూడ చూడు అవ్వా అన్నరు.
పోయి చూసింది.
ఇంకొకరు పిలిచిండ్రు.
చీకటి పడేటాళ్లకు పదకొండు గుడారాలు,
ఆ టెంట్ల పిల్లగాడు సుత్తె పట్టుకొని
ఆమె ఎంబడి.

రాత్రి గాలి లేసిందా?
ఏమో, నాకు మెలకువ రాలే.

పొద్దుగాల బావ అడిగిండు,
"అత్తా, టెంటుకు ఎన్నేస్తవు?"
"సాప మెత్తగున్నది. దోమలున్నయ్.
పొయ్యి పెట్టెతందుకు జాగ ఇడిసిపెట్టలే."
కొంచెంసేపు ఆగి నా దిక్కు తిరిగింది.
"ఇండ్ల పండినందుకు
పైసలు మనమే ఇచ్చినమారా?"

బావ నోట్ల లెక్క ఆగిపోయింది.
మార్కులెయ్యలే.

ఇగ మర్రొచ్చేటప్పుడు
కొల్లాపూర్‌ల జొన్న రొట్టె, తలకాయ కూర.
ఎర్ర రేకుల షెడ్డు, పేరు రాసి ఉండదు.
పదకొండు దాటితే అయిపోతది,
జెల్ది బయలెల్లుండ్రి.