రాతి మోకాలు

రెండు రోజులుగా వియన్నాలో
తల ఎత్తుకునే నడుస్తున్నాను.
గర్వంతో కాదు. ఇక్కడ చూడవలసినవన్నీ
మొదటి అంతస్తు నుంచే మొదలవుతాయి.
సింహాల నోళ్ళు, రాతి పూలదండలు,
ఎవరికీ గుర్తులేని గెలుపుల కోసం
ఇంకా బూరలూదుతున్న రెక్కల పిల్లలు.
నేలమీద మాత్రం ట్రామ్ గంట,
గుర్రబ్బండి వదిలిన పేడ,
అడ్డొచ్చానని సైకిల్ వాడి తిట్టు.
మెడ పట్టేసింది.

చక్రవర్తి లేడు, ఆయన కిటికీలున్నాయి.
లెక్కపెడుతూ పోయి
వంద దాటాక వదిలేశాను.
అందం కూడా ఒక్కోసారి
ఆకుకు చెయ్యి అడ్డం పెట్టినా
వేళ్ళ సందులోంచి వడ్డించేస్తుంది.

ఊపిరాడక ఒక సందులోకి తిరిగాను.
చెప్పులు కుట్టే దుకాణం పక్కన
పాత గుమ్మానికి అటొకడు ఇటొకడు,
ఇద్దరు రాతి మనుషులు
వీపుల మీద బాల్కనీ మోస్తున్నారు.
కుడివైపు వాడి గడ్డం నిండా
నూరేళ్ళ పొగ.
పొట్ట కండ బిగించిన తీరు చూసి
ఇప్పుడు వదిలేస్తాడేమో ఊపిరి, ఇప్పుడు, అని
నేనూ కాసేపు బిగబట్టాను.
ఎడమవైపు వాడి మోకాలు మాత్రం
వేరే రంగు,
ఇంకెవరిదో అరువు తెచ్చుకున్నట్టు.

"అది మా అమ్మ కాలం నాటి మోకాలు"
అంది వెనకనుంచి ఒక గొంతు.
ఒట్టీలియా క్రెన్‌మయర్.
ఉంటున్నది సరిగ్గా ఈ వీపుల పైన.
పేరు చెప్పి చెయ్యి ఇవ్వలేదు,
కూరల సంచీ ఇచ్చింది.
నా వచ్చీరాని జర్మన్, ఆమె మరిచిపోయిన ఇంగ్లీషు
మెట్ల దగ్గర ఎక్కడో కలుసుకున్నాయి.

యుద్ధం ఆఖరి వసంతంలో
అసలు మోకాలు ఎగిరిపోయిందట.
మళ్ళీ చెక్కడానికి రాయి లేదు, శిల్పి లేడు.
వీధి చివర కొళాయిలు బాగుచేసే మనిషి
ఎక్కడో కాస్త సిమెంటు సంపాదించి
పంట్లాం పైకి మడుచుకుని
తన మోకాలే చూసుకుంటూ
పోతపోశాడట.
"అందుకే కొంచెం బక్కగా ఉంటుంది, చూశారా?
ఆ ఏడాది అందరి మోకాళ్ళూ అంతే."

మెట్లు మధ్యలో అరిగి
దొన్నెల్లా ఉన్నాయి.
మలుపులో ఆగి గోడ చూపించింది.
రాతిలో గవ్వ, దాని పక్కన ఇంకొకటి,
గోరంత, చారలతో సహా.
ఈ ఊరికి సముద్రం లేదు కదా అన్నాను.
"ఉండేదట. మాకంటే ముందు, రాజుల కంటే ముందు."
వేలితో గవ్వను తుడిచింది.
"నిజానికి నేను ఇక్కడ ఆగేది ఆయాసానికి.
ఎవరైనా వెంట ఉంటే గవ్వ చూపిస్తాను."

ఇంట్లో బాల్కనీ తలుపుకు
నగరపాలక సంస్థ వారి సీలు.
బరువు ఆగదట, అడుగు పెట్టకూడదట.
బయట మూడు జెరేనియం కుండీలు ఎర్రగా.
పక్క కిటికీలోంచి వంగి,
కర్రకు కట్టిన గరిటెతో
ఒక్కొక్కదానికీ కొలిచి నీళ్ళు పోసింది.
ఒక గరిటె గురి తప్పి కింద ఎవరి నెత్తినో పడింది.
ఆమె చటుక్కున వెనక్కి తగ్గి
నా వంక చూసి నవ్వు ఆపుకుంది.

ముప్పై ఏళ్ళుగా ఎవరూ నిలబడని చోటు అది.
కింద ఆ ఇద్దరికీ
ఎవరూ చెప్పినట్టు లేదు.

మర్నాడు టికెట్ కొని రాజభవనంలోకి వెళ్ళాను.
పైకప్పు నిండా బంగారం, దేవతలు, మబ్బులు.
గైడు కొలతలు చెబుతున్నాడు.
నేను దేవతల మోకాళ్ళు చూస్తున్నాను.
గుండ్రంగా, నునుపుగా, ఒక్కటైనా
ఎప్పుడూ ఆకలి ఎరగనివి.

రాత్రి రైల్లో ఫోన్ తీసి
ఒక్కొక్క బొమ్మే జరుపుతూ పోయాను.
గోపురాలు, గడియారాలు, గుర్రమెక్కిన కంచు మనుషులు,
మూడొందల పైచిలుకు.
ఆ మోకాలు లేదు.
దాని ముందు నిలబడ్డప్పుడు
నా రెండు చేతుల్లోనూ
ఆమె ఉల్లికాడలున్నాయి.