వెనకచూపు

బార్మత్‌లో వాన తెరిపిచ్చిన ఒక ఆదివారం
ఇయోలో తన కారు వెనక కిటికీకి
శుక్లాలు తీస్తున్నాడు.

గాజు కాదది. టాపుతో పాటు మడత పడాల్సిన ప్లాస్టిక్కు.
ఇరవై రెండేళ్ల ఎండకీ ఉప్పుగాలికీ
గంజినీళ్ల రంగు తేలింది.
నడిమధ్య ఒక అడ్డగీత,
గడ్డకట్టే చలిలో ఎవరో తొందరపడి టాపు దించిన గుర్తు.
ఆ ఎవరో తనేనని ఒప్పుకోడు.

ముందు గోరువెచ్చని సబ్బునీళ్లు.
ఇసుక రేణువు ఒక్కటి మిగిలినా
మెత్తటి గుడ్డే ఉలి అయిపోతుంది.
తర్వాత పాలిష్, బఠాణీ గింజంత.
లోపల వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూచుని
మెరెరిద్ అరచేయి ఆనించి పట్టింది.
బయట నుంచి అతను.
మధ్యలో వేలి మందం కూడా లేని మసక.

"గుండ్రంగా కాదు, నిలువుగా రుద్దు."
"పెళ్లయిన దగ్గర్నుంచీ అదే మాట, అన్నిటికీ."

మూడో విడతకి గుడ్డ పచ్చబడింది.
మొదట ఆమె ఉంగరం తేలింది,
తర్వాత మోచేతికంటిన రొట్టెపిండి,
తర్వాత ముఖం, నవ్వు ఆపుకుంటూ.
ఎప్పట్నుంచి నవ్వుతోందో!

గీత మాత్రం పోలేదు. పోదు.

"ముందుచూపు లేదని తిట్టనివాళ్లు లేరు నన్ను.
వెనకచూపు సంగతి ఒక్కరూ అడగలేదు."

"గేటు స్తంభం అడిగిందిగా," అంది మెరెరిద్,
"రెండుసార్లు."

బంపరుకంటిన ఆకుపచ్చ పెయింటు వైపు చూడకుండా
అతను డబ్బా మూత
అవసరమైన దానికన్నా గట్టిగా బిగించాడు.