బతికే ఉన్నానని

మా ట్రాములో ఎడమ కాలి కింద ఒక పెడల్ ఉంటుంది.
నడుపుతున్నంతసేపూ తొక్కిపట్టి ఉంచాలి.
కాలు తీశామా,
డ్రైవరు పోయిందనుకుంటుంది బండి,
కీచుమని ఆగిపోతుంది.
పంతొమ్మిదేళ్ళు తొక్కిపట్టాను.
బతికే ఉన్నాను, బతికే ఉన్నాను అని
వూచ్ నగరంలో ప్రతి మలుపులోనూ చెప్పుకుంటూ వచ్చాను.

నవంబరులో ఆ కాలే కోయించుకున్నాను.

బొటనవేలి పక్కన ఉల్లిపాయంత బుడిపె.
అది మా అమ్మది.
నూలు మిల్లులో ముప్పై ఏళ్ళు
చెక్క చెప్పుల్లో నిలబడి నిలబడి పెంచుకుని
నాకిచ్చి పోయింది,
రెండు వెండి చెంచాలతో పాటు.
"తీసిన ఎముకని ఏం చేశారు?" అని అడిగాను డాక్టరమ్మని.
ఆవిడ చేతులు కడుక్కుంటూ నవ్వింది.
నేను నవ్వులాటకి అడగలేదు.

మూడో అంతస్తు. లిఫ్టు లేదు. అరవై రెండు మెట్లు.
ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు
కూర్చుని ఎక్కాను, వెనక్కి వెనక్కి,
చంటిపిల్లలా పిర్రల మీద.
కింది వాటా తిమోన్, పదేళ్ళవాడు,
నా చంకకర్రలు రెండూ భుజాన వేసుకుని
సిపాయిలా ముందు నడిచాడు,
మెట్టు మెట్టుకీ అరిచి లెక్కపెట్టాడు.
నలభై ఏడు దగ్గర తప్పాడు.
సరిదిద్దే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత అంతా దిండ్లే.
గుండె కంటే ఎత్తున పెట్టమన్నారు కాలు.
నా గుండె ఎంతెత్తున ఉందో
అంతకుముందెప్పుడూ కొలుచుకోలేదు.
సాయంత్రం ఏడింటికి పొట్ట మడత పట్టుకుని
సూది నేనే గుచ్చుకునేదాన్ని, రక్తం గడ్డకట్టకుండా.
నీలం మచ్చలు వరసగా,
రూట్ మ్యాపులో స్టేజీల్లా.
వేలి కొసనుంచి పొడుచుకొచ్చిన ఇనప తీగ
దుప్పటికి తగులుకున్నప్పుడల్లా
మా డిపోలో నేర్చుకున్న బూతులన్నీ
ఒకసారి నెమరువేసుకునేదాన్ని.

వూచ్ అంటే పడవ.
ఈ ఊరి నదులన్నీ వీధుల కింద గొట్టాల్లో పారతాయి,
ఎవరికీ కనబడవు.
పడవ మాత్రం ఉంది, మంచం మీద.
తెడ్లు గోడకి ఆనించి ఉన్నాయి.

కింద మలుపులో ట్రాములు తిరిగే చప్పుడు.
కిటికీలోంచి చూడక్కర్లేదు.
పట్టాని గీరుకుంటూ తిరిగితే కొత్త కుర్రాడు.
ఆగి, ఆలోచించి తిరిగితే వ్యెస్వాఫ్, వేసవికి రిటైరవుతాడు.
యోవిత అయితే గంట రెండుసార్లు కొడుతుంది,
నాకోసం.
రూలు ఒప్పుకోదు.
పిల్లి అడ్డమొచ్చిందని చెప్తుందట కంట్రోల్ రూముకి.
ఆ పిల్లికి ఇప్పుడు ఆరు వారాల వయసు.

రాత్రి నిద్రలో ఎడమకాలు దిండుని తొక్కేది.
నొప్పికి లేచేదాన్ని.
వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమంటూ ఉండేది.
హమ్మయ్య, బండి ఆగలేదు
అనిపించేది, ఒక్క క్షణం.

తీగ పీకడం, రొట్టెలోంచి మేకు లాగినట్టు, అంతే.
బొటనవేలు తిన్నగా ఉంది,
చుట్టాలింటికొచ్చిన పిల్లలా బుద్ధిగా.
స్నానాలగదిలో దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.
అమ్మ పాదంలా లేదు.
కుడిది ఇంకా ఉంది, అదే ఉల్లిపాయతో.
దాన్ని మాత్రం ముట్టుకోనివ్వను
అనుకున్నాను ఆ పూటకి.

మార్చిలో డిపో డాక్టరు మునివేళ్ళ మీద నిలబెట్టి
గోడ గడియారం చూస్తూ సంతకం పెట్టాడు.
అర సైజు పెద్ద బూటు. లోపల ఊలు మేజోడు.
తెల్లవారుజాము నాలుగూ పది. పట్టాల పక్కన ఉప్పు.
సీటు ఎవరో పొడుగుకాళ్ళవాళ్ళు వెనక్కి జరిపారు,
ముందుకు లాక్కున్నాను.
పెడల్ మీద ముందు మడమ.
తర్వాత అరికాలు.
తర్వాత, భయంభయంగా, వేలు.

బండి ఏమీ అనలేదు.
కదిలింది.

మూడో స్టాపులో ఒకావిడ, కాలికి కట్టుతో,
దిగుతోంది. మెట్టు. చంకకర్ర. మెట్టు.
ఇదివరకైతే తలుపు బటన్ మీద నా వేలు ఆడుతుండేది.
ఇవాళ లోలోపల లెక్కపెడుతున్నాను, తిమోన్ లాగే, తప్పుల్తో సహా.

రేడియో గరగరలాడింది:
నాలుగు నిమిషాలు లేటు, కారణం?

పిల్లి అడ్డమొచ్చింది, అన్నాను.