మైనం పట్టీ

తెల్లబల్ల అవతలి అంచున
వేలెడు వెడల్పు మైనం పట్టీ.
పొద్దున్నే దాన్ని చాకుతో చదును చేయడం నా పని.
శాంటియాగో ఎండకి పదింటికల్లా మెత్తబడి
అరచేతికి అంటుకుంటుంది, పసిపిల్ల చెయ్యిలా.
ఇరవై రెండేళ్లుగా ఇదే మడత కుర్చీ,
ఒళ్లో తెల్లజెండా ఒకటి, ఎర్రజెండా ఒకటి.
మిగతా రోజుల్లో బడిలో భూగోళం చెబుతాను.
గోరంతను కొండంత చేసే కొలువు కాదు నాది,
గోరంతను గోరంత అనే కొలువు.

ఆ రోజు ఆరో విడత. చీటీల్లో ఆఖరు పేరు.
బరాకోవా నుంచి కోకో బస్తాల లారీ మీద
రాత్రంతా కూర్చుని వచ్చిన పిల్ల, యుస్లేవిస్.
అన్న వదిలేసిన స్పైకులు, ముందు దూది కుక్కుకుని.
ఆ దూది ఒక పక్క బయటికొచ్చి
ముసలాయన చెవిలో వెంట్రుకల్లా ఉంది.

ఆమె జనాన్ని చప్పట్లు అడగలేదు.
కుడి తొడ మీద రెండు దెబ్బలు వేసుకుంది
మొండికేసిన గాడిదను అదిలించినట్టు.

పరుగు సంగతి చెప్పను, పరుగు అందరూ పెడతారు.
బల్ల మీద కుడికాలు పడ్డ చప్పుడు చెబుతాను:
తడిబట్టను బండకేసి బాదినట్టు.
గాల్లో ఆ కాలే చుట్టు తిరిగి
మళ్లీ తానే దిగింది, కుడికాలే,
దెబ్బ తిన్నచోటే ఇంకో దెబ్బ.
ఒక్క కాలిని రెండుసార్లు అప్పు అడిగే ఆట ఇది.
రెండో గంతులో చాలామంది నేలకి లొంగిపోతారు,
మెట్టు ఉందనుకుని అడుగేసినవాళ్లలా.
ఆమె ఎడమ మోకాలు ముందుకి చాచి
ఆగింది.
ఆగిందనే అంటాను, నవ్వుకోండి.
భూమి లాగుతుందని పిల్లలకి చెప్పేదాన్నే నేను.
ఎడమ.
తర్వాత ఇసుక.

ఇసుక చదును చేసే ఎవెలియో
దంతె పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.
అంత దగ్గరికి ఎప్పుడూ ఎవరూ రాలేదు అతనికి.
వేరుశనగలమ్మే మనిషి లేచి నిలబడ్డాడు,
కాగితం పొట్లాలు ఒళ్లోంచి జారిపోయినా చూసుకోలేదు.

నేను వంగాను.
మైనంలో ఒక నొక్కు.
బియ్యపుగింజ పక్కకి ఒరిగినంత.
ఆమె వేలు కాదది, దూది ఉన్న చోటు.
సొంత బూటే అయివుంటే...
అయివుంటే అన్న మాటకి జెండా లేదు.

ఎర్రది ఎత్తాను.

ఇసుక రాల్చుకుంటూ వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.
పోట్లాడుతుందనుకున్నాను.
ఆ నొక్కు వంక చూసి "నాదే" అంది,
పోయిన చెవిపోగు ఎవరో చూపిస్తే అన్నట్టు.
నాలుగో స్థానం. సంచీ భుజానేసుకుని
లారీ దొరుకుతుందో లేదో చూడ్డానికి వెళ్లిపోయింది.

తప్పిన గంతుని కొలవరు.
టేపును గదిలో పెట్టి తాళం వేసుకుపోయారు.
ఆరింటికి కరెంటు పోయింది, ఊరంతా ఒకేసారి.
మిగిలింది ఎవెలియో, నేనూ, ఇసుకలో ఆ గుంట.
దంతె ఎందుకు లాగలేదని నేనడగలేదు.
బల్ల దగ్గర మొదలెట్టి
మడమకి బొటనవేలు ఆనించుకుంటూ నడిచాను.
అతను పైకి లెక్కపెట్టాడు.
యాభై దాటాక అతని గొంతు మారింది.

ఎంతో చెప్పను.
నా పాదం పొడవు మీకు తెలీదు కాబట్టి
చెప్పినా మీకు పనికిరాదు.
అతను అంచుల నుంచి చదును చేయడం మొదలెట్టాడు,
పిల్లలు కేకు తిన్నట్టు, మధ్యభాగం ఆఖరికి ఉంచుకుని.

మర్నాటికి కొత్త పట్టీ పరవాలి.
పాతది చాకుతో గీకేశాను, ఒక్క ముక్క తప్ప.
నల్ల చిక్కుడుగింజంత.
నా సుద్దముక్కల డబ్బాలో ఉంది.
పటం ముందు నిలబడి, ఈ తీరానికీ ఆ తీరానికీ
ఎన్ని మైళ్లో చెబుతూ చెబుతూ సుద్ద కోసం వెతికితే
వేలికి తగులుతుంది.
ఇంకా మెత్తగానే ఉంది.
అందుకే గట్టిగా పట్టుకోను.